వయసు పైబడిన బేస్‌బాల్ స్టార్ల విషయంలో విశ్లేషకుల మాట ఎంతవరకు నమ్మవచ్చు?

ఆల్బర్ట్ పూహోల్స్ పని అయిపోయిందని విశ్లేషకులంతా అన్నాక, 42 ఏళ్ల వయసులో 2022లో అతను 24 హోమ్ రన్లు (క్రికెట్ సిక్సర్లలాంటివి) కొట్టి కెరీర్‌లో 700 దాటాడు కదా, ఇంకా ఈ నిపుణుల లెక్కల్ని ఎందుకు నమ్మాలి అని అడిగారు. పూహోల్స్ మా ఊరి టీమ్ కార్డినల్స్‌ను వదిలి వెళ్లక ముందు నుంచీ నేను అమెరికాలోని సెయింట్ లూయిస్‌లోనే ఉంటున్నాను. అతని కెరీర్‌లో ఎక్కువ భాగం దగ్గరగా చూశాను. నా అభిప్రాయం మీరు అనుకుంటున్నదానికి పూర్తిగా వేరు. విశ్లేషకుల మాట నెగ్గిన కేసుల్లో ఇంతకన్నా స్పష్టమైనది నాకు కనిపించలేదు.

ముందు డబ్బు సంగతి చెప్పాలి, ఎందుకంటే గొడవంతా అక్కడే మొదలైంది. మన క్రికెట్ బోర్డు కాంట్రాక్టులు ఏడాదికోసారి మారతాయి. బేస్‌బాల్‌లో అలా కాదు. పదేళ్లకు సంతకం పెడితే ఆటగాడు బాగా ఆడినా ఆడకపోయినా పదేళ్ల డబ్బూ ఇవ్వాల్సిందే. 2011 డిసెంబర్‌లో ఏంజెల్స్ అనే టీమ్ పూహోల్స్‌కు ఇచ్చింది అదే: పదేళ్లు, 24 కోట్ల డాలర్లు. అప్పటికి అతనికి 32 నిండబోతున్నాయి. 2001 నుంచి 2010 దాకా ప్రతి సీజన్‌లోనూ 300కు పైన బ్యాటింగ్ యావరేజ్ (అంటే వెయ్యి అవకాశాలకు 300కు పైగా హిట్ల లెక్క), 30కి పైగా హోమ్ రన్లు. మూడుసార్లు ఎంవీపీ, అంటే లీగ్‌లో ఆ ఏటి ఉత్తమ ఆటగాడు. వెళ్లే ముందు అక్టోబర్‌లో, ఛాంపియన్‌ను తేల్చే వరల్డ్ సిరీస్‌లో ఒకే మ్యాచ్‌లో మూడు హోమ్ రన్లు కొట్టాడు, కప్పు కూడా మాకే వచ్చింది.

అలాంటివాడిని కార్డినల్స్ వదులుకుంటే ఊరు ఊరంతా రగిలిపోయింది. మా ఆఫీసులో చిన్నప్పటి నుంచి కార్డినల్స్ ఆట చూస్తూ పెరిగిన పెద్దాయన ఒకరు ఉండేవారు. టీమ్ యాజమాన్యాన్ని ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. నాకూ బాధగానే ఉండేది. కానీ అప్పట్లో నేను చదివే విశ్లేషకులు చాలామంది ఒకటే చెప్పేవారు: ఈ ఒప్పందంలో మొదటి రెండు మూడేళ్లు ఫర్వాలేదు, చివరి సగం భరించలేనంత భారం అవుతుంది.

వాళ్లకు అంత నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందంటే, బ్యాటర్లు 27 ఏళ్ల దగ్గర శిఖరానికి చేరతారని బేస్‌బాల్ గణాంకాల రచయిత బిల్ జేమ్స్ 1980ల మొదట్లోనే లెక్కలతో చూపించాడు. అంతకు ముందు చాలామంది ఇంకా ఆలస్యంగా అనుకునేవారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. 38 ఏళ్ల ఆటగాళ్ల సగటు మాత్రమే చూస్తే వయసు వల్ల పెద్ద నష్టమేమీ లేనట్టు కనిపిస్తుంది. ఆ వయసులో టీమ్‌లో మిగిలేది బాగా ఆడేవాళ్లే కాబట్టి అలా కనిపిస్తుంది. ఆట తగ్గినవాళ్లు 34కే ఇంటికి వెళ్లిపోయి లెక్కలోనే లేకుండా పోతారు. అందుకే విశ్లేషకులు ఒకే ఆటగాడి వరుస రెండు సీజన్లను పోల్చి చూస్తారు. ఆ పద్ధతి కూడా పూర్తిగా తప్పించుకోలేదు, ఎందుకంటే బయటికి వెళ్లిపోయినవాడికి రెండో సీజన్ ఉండదు. ఈ లోపాన్ని పైకి చెప్పి మరీ లెక్క వేసేవాళ్ల మీద నాకు గౌరవం పెరిగింది.

తర్వాత జరిగింది చూడండి. 2013లో పాదం నొప్పితో పూహోల్స్ 99 మ్యాచ్‌లే ఆడాడు. 2017లో 101 ఆర్బీఐలు (అతని బ్యాటింగ్ వల్ల టీమ్‌కు వచ్చిన పరుగులు) వచ్చాయి, టీవీలో ఆ అంకె చూసినవాళ్లు ఇంకా బాగానే ఆడుతున్నాడని అనుకున్నారు. కానీ వెయ్యిసార్లు బ్యాటింగ్‌కు వస్తే 286 సార్లే బేస్ మీదకు చేరే లెక్క అది. లీగ్ సగటు 320కి పైనే. తన ముందు బ్యాటర్లు బేసుల మీద ఉండబట్టి ఆర్బీఐలు వచ్చాయి. 2021 మేలో ఏంజెల్స్ అతన్ని వదిలేసింది. ఆ పదేళ్లలో ఆ టీమ్ ప్లేఆఫ్స్‌కు వెళ్లింది ఒక్క 2014లోనే, అక్కడ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. అతను లేకుండానే కార్డినల్స్ 2013లో మళ్లీ వరల్డ్ సిరీస్ ఆడింది.

మరి 2022? అతను మళ్లీ కార్డినల్స్‌కే వచ్చాడు. ఆ ఏడాదే కార్డినల్స్ ఆడే నేషనల్ లీగ్‌లోనూ డీహెచ్ నిబంధన శాశ్వతంగా వచ్చింది. అంటే ఫీల్డింగ్ చేయకుండా బ్యాటింగ్ మాత్రమే చేసే ఆటగాడికి చోటు దొరికింది. కార్డినల్స్ అతన్ని ముఖ్యంగా ఎడమచేతి పిచర్లను (క్రికెట్‌లో బౌలర్లలాంటివాళ్లు) ఎదుర్కోవడానికే తీసుకుంది. సీజన్ మధ్యలో వచ్చే ఆల్ స్టార్ విరామం దాకా ఆరు హోమ్ రన్లే. తర్వాత 18 కొట్టాడు. ఆ నెలల్లో మా బుష్ స్టేడియంలో అతను బ్యాట్ పట్టుకుని నడిచి వస్తుంటే ఎదుటి టీమ్ అభిమానులు కూడా లేచి నిలబడటం కళ్లారా చూశాను. సెప్టెంబర్ 23న లాస్ ఏంజెలెస్‌లో 700వది కొట్టిన రాత్రి నాకు కన్నీళ్లు ఆగలేదు. అలా రెండో సగం ఆడతాడని ఏ లెక్కా చెప్పలేదు, నిజమే. కానీ పదేళ్ల ఒప్పందం గురించి వేసిన అంచనా దాంతో తప్పైపోదు. అవి రెండూ వేర్వేరు ప్రశ్నలు.

నిపుణులు నిజంగా దెబ్బతిన్న చోట్లు ఉన్నాయి. 1999 డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతి) పూహోల్స్‌ను 402వ ఆటగాడిగా తీసుకున్నారు. కంటితో చూసి నిర్ణయించే స్కౌట్లు అన్ని టీమ్‌లలోనూ కలిపి 401 మందిని అతనికన్నా ముందు ఎంచుకున్నారు. బోస్టన్ రెడ్ సాక్స్ బ్యాటర్ డేవిడ్ ఓర్టిజ్ సంగతీ అంతే. 2009లో మే నెల చాలావరకు గడిచేదాకా ఒక్క హోమ్ రన్ లేకపోతే, అయిపోయాడని రాసేశారు. 2013 వరల్డ్ సిరీస్‌లో మా పిచర్ల మీద లెక్కకు వచ్చే 16 బ్యాటింగ్ అవకాశాల్లో 11 హిట్లు కొట్టి ఆ సిరీస్ ఎంవీపీ అయ్యాడు. 2016లో 40 ఏళ్ల వయసులో 38 హోమ్ రన్లు. అయితే 2009లో తొందరపడింది రెండు నెలల అంకెల్ని చూసినవాళ్లు. అంత తక్కువ ఆట మీద తీర్పు చెప్పకూడదని ఓపికగా వాదించినవాళ్లూ విశ్లేషకులే.

కాబట్టి మీరు ఎవరి మాటైనా చదివేటప్పుడు, అతను వందల మంది ఆటగాళ్ల గురించి మాట్లాడుతున్నాడా, ఒక్కడి వచ్చే సీజన్ గురించా అన్నది చూడండి. మొదటిదైతే నేను కళ్లు మూసుకుని కాకపోయినా దాదాపుగా నమ్ముతాను. రెండోదైతే, ఎంత అటూ ఇటూ కావచ్చో కూడా చెప్పినవాడినే చదువుతాను. కిందటేడు తను వేసిన అంచనాల్లో ఏవి తప్పాయో ఈ ఏడాది మొదట్లో తనే రాసుకునేవాళ్లు కొందరున్నారు, వాళ్ల దగ్గర మొదలుపెట్టండి.