బర్మింగ్‌హామ్ నుంచి ఒక్కరోజులో చూసి రాదగిన ఊరు: ష్రూజ్‌బరీ

బర్మింగ్‌హామ్‌లో అబ్బాయి ఇంటికి వచ్చామని, లండన్ చూడటం అయిపోయిందని, ఒక్కరోజులో తిరిగి రాగలిగే మధ్యతరహా ఆంగ్ల పట్టణం ఏదైనా చెప్పమని ఒకరు అడిగారు. ఉద్యోగరీత్యా రెండేళ్లు ష్రూజ్‌బరీలో కాపురమున్నాను కనుక తడుముకోకుండా ఆ ఊరి పేరే చెబుతాను. న్యూ స్ట్రీట్ స్టేషన్‌లో రైలెక్కితే సుమారు గంట ప్రయాణం. దిగాక పాత ఊరంతా కాలినడకనే తిరగవచ్చు.

సెవర్న్ నది ఈ ఊరిని మూడు వైపులా చుట్టి వెళ్తుంది. నీరు లేని ఆ ఒక్క పక్కనే ఎర్రరాతి కోట, దాని పాదాల దగ్గర రైల్వే స్టేషన్ ఉన్నాయి. అక్కడి నుంచి బుచర్ రో, ఫిష్ స్ట్రీట్ వీధుల్లోకి వెళ్లి, కొయ్య దూలాల చట్రంతో కట్టిన పాత ఇళ్లను దగ్గరగా నిలబడి చూడండి. దూలాలను కొయ్య చీలలతో బిగించిన తీరు, కింది అంతస్తు కంటే పై అంతస్తు వీధి మీదికి ముందుకు వచ్చిన తీరు కనిపిస్తాయి. ఇళ్ల మధ్య సందులను అక్కడివారు 'షట్' అంటారు. కొన్నిచోట్ల ఎదురుగా ఎవరైనా వస్తే పక్కకు ఒదిగి నిలబడాలి.

ది స్క్వేర్ అనే కూడలిలో ఈస్టిండియా కంపెనీ సేనాని రాబర్ట్ క్లైవ్ విగ్రహం ఉంది. అతడు ఈ ఊరి తరఫున పార్లమెంటు సభ్యుడిగా ఉండేవాడు. మాది పిఠాపురం ప్రాంతం. 1758లో బెంగాల్ నుంచి క్లైవ్ పంపిన కర్నల్ ఫోర్డ్ సైన్యం, విజయనగరం రాజు ఆనంద గజపతి బలగాలతో కలిసి, ఫ్రెంచివారిని ఓడించిన చందుర్తి మా ఊరికి దగ్గరే. ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వెళ్లడానికి దారి వేసిన యుద్ధమది. చిన్నప్పుడు పాఠంలో చదివిన పేరు, అంత దూరాన కంచు విగ్రహమై కనిపించినప్పుడు నాకు కోపమూ దుఃఖమూ కలిసి వచ్చాయి, చాలాసేపు అక్కడి నుంచి కదలలేకపోయాను. తెలుగువారు ఆ కూడలిని ఆ సంగతి తెలిసి చూడాలని నా కోరిక.

చార్లెస్ డార్విన్ 1809లో పుట్టింది ఈ ఊళ్లోనే. ఆయన చదివిన బడి భవనంలో ఇప్పుడు గ్రంథాలయం నడుస్తోంది, ముందు ఆయన విగ్రహం ఉంది.

చాలామంది వదిలేసేది, నేను మాత్రం వదలవద్దని చెప్పేది, స్టేషన్ నుంచి ఉత్తరంగా అరగంట నడక దూరంలోని ఫ్లాక్స్‌మిల్ మాల్టింగ్స్ అనే పాత నార మిల్లు. అప్పట్లో నార మిల్లులు కొయ్య దూలాల వల్ల తరచూ తగలబడిపోయేవి. అందుకని 1797లో వాస్తుశిల్పి చార్లెస్ బేజ్ పోత ఇనుప స్తంభాలు, దూలాలతో దీన్ని కట్టించాడు. ప్రపంచంలో ఇనుప చట్రంతో లేచిన మొదటి భవనం ఇదే. నేటి ఆకాశహర్మ్యాలకు మూలపురుషుడని దీన్ని పిలవడం అతిశయోక్తి కాదు. లోపల సన్నని ఆ స్తంభాన్ని అరచేత్తో తాకితే చలికి చేయి జివ్వుమంటుంది.

సాయంత్రానికి నది ఒడ్డున ఉన్న క్వారీ పార్కుకు చేరుకోండి. శీతాకాలంలో వెళ్లేట్లయితే ముందురోజు వరద హెచ్చరికలు చూసుకోండి, సెవర్న్ పొంగితే ఒడ్డు దారులు నీట మునుగుతాయి. ఆదివారం పెద్ద దుకాణాలు ఆరు గంటలే తెరిచి ఉంటాయి కనుక, కొనాల్సినవి ఉంటే శనివారం వెళ్లడం మేలు.