రెండు బ్యాక్‌గామన్ ప్రోగ్రాములు మనిషి సాయం లేకుండా ఒకదానితో ఒకటి ఎలా ఆడతాయి?

తిరుపతిలో ఇంజనీరింగ్ చదువుతున్న మీ ఇద్దరిలో ఒకరు పైథాన్‌లో, ఇంకొకరు సీ ప్లస్ ప్లస్‌లో బ్యాక్‌గామన్ అనే పాచికల ఆట ఆడే ప్రోగ్రాము రాశారు. ఎత్తులు చేత్తో టైపు చెయ్యలేక విసిగిపోయారు. అంతే కదా?

చదరంగానికి యూసీఐ (ప్రోగ్రాములు ఎత్తులు ఇచ్చిపుచ్చుకునే పద్ధతి) ఉన్నట్టు బ్యాక్‌గామన్‌కి అందరూ పాటించే ప్రమాణం లేదు. దగ్గరగా వచ్చేది 1992లో మొదలైన ఫిబ్స్ అనే ఇంటర్నెట్ బ్యాక్‌గామన్ సర్వర్ వాడే బోర్డు వరుస. పేర్లు, స్కోరు, ఏ గడిలో ఎన్ని కాయలు, ఎవరి వంతు, పాచికల మీద ఏం పడింది, అన్నీ కోలన్లతో విడదీసి ఒకే లైనులో ఉంటాయి. గ్నూ బ్యాక్‌గామన్ అనే ఉచిత ప్రోగ్రాము కూడా ‘ఎక్స్‌టర్నల్’ కమాండు ఇస్తే సాకెట్ (ప్రోగ్రాముల మధ్య సమాచారం నడిచే దారి) మీద ఈ లైను అందుకుని తన ఎత్తు తిరిగి పంపుతుంది. కాబట్టి కొత్త భాష కనిపెట్టకండి, ఇదే వాడండి. రేపు మీ ప్రోగ్రాముల్ని గ్నూ బ్యాక్‌గామన్‌తోనూ ఆడించొచ్చు.

అసలు పని మధ్యవర్తిది. అది మూడో చిన్న ప్రోగ్రాము. పాచికలు అదే వెయ్యాలి (ఆటగాడి చేతికిస్తే ఏమవుతుందో భారతం విన్నవాళ్లకి చెప్పాలా!). ఎత్తు చెల్లుతుందో లేదో కూడా అదే చూడాలి. వీలుంటే రెండు పాచికలూ ఆడాలి. రెండూ కుదరక, రెండింటిలో ఏదో ఒకదాన్నే ఆడగలిగితే, వీలైతే పెద్దదాన్నే ఆడాలి. ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే.

డబ్లింగ్ క్యూబ్ (పందెం రెట్టింపు చెయ్యడానికి వాడే పాచిక) ప్రస్తుతానికి వదిలెయ్యండి. ప్రతి ఆటనీ అవే పాచికలతో, పక్షాలు మార్చి రెండోసారి ఆడించండి. అదృష్టం పాలు బాగా తగ్గుతుంది. రెండు ల్యాప్‌టాపులు అక్కర్లేదు, ఒకే మెషీన్‌లో లోకల్‌హోస్ట్ (ఆ మెషీన్ తనతో తానే మాట్లాడుకునే చిరునామా) చాలు.