బావ రిపోర్టులు ఎలా చూడాలంటే

ఒరే సాయీ,

నువ్వు పంపిన పీడీఎఫ్‌లన్నీ చూశాన్రా, గూగుల్లో దొరికాయని పెట్టిన పేపర్లు కూడా. ముందు ఆ పేపర్లు పక్కనపెట్టి బయాప్సీ రిపోర్టు తీయి. పైత్యనాళం క్యాన్సర్‌కి ఆపరేషన్ అయ్యాక ముందుముందు ఎలా ఉంటుందో ఆ రెండు పేజీలు చెప్పినంతగా రక్తంలో జబ్బు జాడ చూపే ఏ మార్కరూ చెప్పదు, జీవితమంతా ల్యాబ్‌లో రక్తం చూసినవాణ్ణే చెప్తున్నా. మార్జిన్, అంటే కోసి తీసిన ముక్క అంచు, జబ్బు లేకుండా క్లియర్‌గా ఉందా, నోడ్స్, అంటే చుట్టుపక్కల లింఫు గ్రంథులు, ఎన్ని తీశారు, వాటిలో ఎన్నింట్లో జబ్బుంది, అది చూడు. బావకి మార్జిన్ క్లియర్, 14 నోడ్స్ తీస్తే ఒక్కదాంట్లో ఉంది. నరాల చుట్టూ పాకిందని కూడా రాశారు, మంచి మాట కాదు గానీ ఈ జబ్బులో చాలామందికి ఉండేదే. డాక్టర్‌గారిని ఆ ఒక్క నోడ్ గురించి గట్టిగా అడుగు.

ఇక సీఏ 19-9, రక్తంలో చూసే క్యాన్సర్ మార్కర్. నార్మల్ 37 లోపు, బావకి 640 వచ్చిందని అక్కయ్య అన్నం మానేసిందట. ఆరోజు బిలిరుబిన్, అదే కామెర్ల అంకె, ఎంతో చూశావా, 14! నాళం మూసుకుపోతే, ఇన్ఫెక్షన్ ఉంటే, అసలు క్యాన్సరే లేకుండా రాయి అడ్డం పడినా సరే ఇది వందల్లోకి పోతుంది. ఈఆర్‌సీపీ చేసి, అంటే నోట్లోంచి గొట్టం పంపి, నాళం తెరుచుకోడానికి స్టెంట్ అనే సన్నగొట్టం వేసి కామెర్లు దిగాక చేయిస్తే 110 వచ్చింది కదా, లెక్కలోకి తీసుకోవాల్సింది అది. ఇంకోటి, కొంతమంది ఒంట్లో ఈ పదార్థం పుట్టుకతోనే తయారవదు, లూయిస్ నెగటివ్ అంటారు, నూటికి 5 నుంచి 10 మంది ఉంటారు, వాళ్ళకి జబ్బు ముదిరినా నార్మలే వస్తుంది. బావకి పెరిగింది కాబట్టి మనకా పేచీ లేదు.

ఇప్పుడు ఆపరేషన్ అయ్యి నెల దాటాక మళ్ళీ చేయించు, అదే రోజు బిలిరుబిన్ కూడా. 37 లోపుకి దిగితే మంచి సూచన, దిగకపోయినా దిగి మళ్ళీ ఎక్కినా స్కాన్ సంగతి డాక్టర్‌గారు చూస్తారు. అయితే ఎప్పుడూ ఒకే ల్యాబ్‌లో చేయించు, ఆఫర్ ఉందని ఇంకో చోటికి పోవద్దు, మెషిన్ మారితే అదే రక్తానికి అంకె మారుతుంది, నువ్వేమో జబ్బు పెరిగిందనుకుంటావు.

సీబీపీ, అదే రక్తకణాల లెక్క, చూసి న్యూట్రోఫిల్స్‌ని లింఫోసైట్స్‌తో (రెండూ తెల్లకణాలే) భాగించి 9 వచ్చింది మామయ్యా అని ఏడుస్తున్నావే, అది ఆపరేషన్ అయిన మూడోరోజు రక్తంరా! పొట్ట కోసి పైత్యనాళంతో పాటు క్లోమం తల, చిన్నపేగు మొదలు కూడా తీసేసే అంత పెద్ద విపుల్ సర్జరీ చేశాక ఎవరికైనా న్యూట్రోఫిల్స్ లేస్తాయి. ఆ నిష్పత్తి ఎక్కువున్నవాళ్ళు తక్కువకాలం బతికారని స్టడీలున్న మాట నిజమే, కానీ అవి ఆపరేషన్‌కి ముందు తీసిన రక్తంతో వేసిన లెక్కలు, పైగా ఒక పేపర్లో గీత 3 దగ్గర గీస్తే ఇంకోదాంట్లో 5 దగ్గర గీస్తారు. వందలమంది ఫైళ్ళు కలిపి చూస్తే కనిపించే తేడా అది, బావ ఒక్కడికి దాంతో జాతకం రాయలేం.

కీమో మాత్రలు వెయ్యాలా వద్దా అన్నది కూడా ఈ అంకెలు తేల్చవు. కేపసైటబిన్ అనే కీమో మాత్ర మీద బ్రిటన్‌లో 447 మందితో ట్రయల్ చేశారు, బిల్‌క్యాప్ అంటారు, 2019లో వచ్చింది. ఆపరేషన్ తర్వాత ఆరునెలలు మాత్ర వాడినవాళ్ళలో సగంమంది 51 నెలలు దాటి బతికారు, వాడనివాళ్ళలో అది 36. లెక్కల పండితులు ఆ తేడా మీద ఇంకా వాదించుకుంటారు గానీ బావకి నోడ్ ఉంది కాబట్టి నేనైతే వెయ్యమనే అంటా. అరికాళ్ళు ఎర్రబడి మంట పుడితే ఓర్చుకోకుండా వెంటనే చెప్పమను.

ఆపరేషన్‌లో తీసిన ముక్క మైనపు బ్లాకులు హాస్పిటల్లోనే ఉంటాయి, జాగ్రత్తగా ఉంచమని చెప్పు. రేపు అవసరమైతే హెచ్‌ఈఆర్2, ఎంఎస్ఐ లాంటి టెస్టులు వాటిమీదే చేస్తారు, ఏ మందు పనిచేస్తుందో చెప్పే మార్కర్లు అవి. ఇప్పుడే వేలకువేలు పోయనక్కర్లేదు.

రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ 2.9కి తగ్గి ఉంది, నాకు 640 కన్నా అదే బెంగ. ఇన్ఫెక్షన్ వల్ల కూడా తగ్గుతుంది గానీ బావ తినడం లేదని కూడా తెలుస్తోంది. రోజుకి ఆరుసార్లు కొంచెం కొంచెం పెట్టమను, గుడ్డు, పెరుగు, పప్పు. తిండి అరగడానికిచ్చిన ఎంజైమ్ క్యాప్సూల్ అన్నం తిన్నాక కాదు, మొదటి ముద్దతోనే వెయ్యాలి, విరేచనం జిడ్డుగా తేలుతుంటే డోసు చాలట్లేదని అర్థం, డాక్టర్‌గారికి ఫోన్ చెయ్యి.

మీ మామయ్య