ఎండలు, తుపానులు: మీ ఉత్తరాలు, నా జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం వేడి మీదే వచ్చాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాటిని ముందు తీసుకున్నాను. నేనుండేదీ శ్రీకాకుళంలోనే. కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనదాన్ని కనుక జవాబుల్లో అంకెలు కాస్త ఎక్కువే ఉంటాయి. ఈ విషయంలో ఏది ఎంత అన్న లెక్క తెలియకపోతే పెద్ద కారణాన్ని వదిలేసి చిన్నదాని వెంట పడతాం.

*తిత్లీకి మా కొబ్బరి, జీడి, పనస అన్నీ పోయాయి. మళ్ళీ వేసిన కొబ్బరి ఇప్పుడిప్పుడే కాపుకొస్తోంది. భూమి వేడెక్కడం వల్లే ఆ తుపాను వచ్చిందని మా అబ్బాయి అంటాడు. ‘గాలీవాన మనకేటి కొత్తా?’ అంటాడు మా నాన్న. ఎవరి మాట నిజం?*
– జీడి రైతు, వజ్రపుకొత్తూరు మండలం

ఇద్దరి మాటలోనూ నిజముంది నాయనా. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖ మీద పడింది. 2018 అక్టోబరు 11న తెల్లవారకముందే తిత్లీ మీ పలాస వైపు వచ్చింది. అక్టోబరు అంటే మనకు తుపాను నెలేనని మీ నాన్నగారికి ఒకరు చెప్పక్కర్లేదు. బంగాళాఖాతంలో తుపానులు మన తాతల నాడూ పుట్టాయి. భూమి వేడెక్కింది కాబట్టి వాటి సంఖ్య పెరిగిందని నేను చెప్పను.

మారింది వాటి బలం. తుపానుకు శక్తి వచ్చేది వెచ్చటి సముద్రం నుంచి. సముద్రం పైభాగం సుమారు 26.5 డిగ్రీలు దాటి ఉంటేనే అది పుంజుకుంటుంది. మనిషి వల్ల భూమి మీద అదనంగా పోగుపడ్డ వేడిలో నూటికి 90 పాళ్ళు పైగా సముద్రాలే తాగేశాయి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టి ఉంచుతుంది. అందుకే ఇప్పుడు పుట్టే తుపానుల్లో బాగా ముదిరేవాటి వాటా పెరుగుతోంది. వాన ఎక్కువ కురుస్తోంది. కొన్ని ఒకటి రెండు రోజుల్లోనే తీవ్రమై, సర్దుకునే వ్యవధి ఇవ్వడం లేదు. తిత్లీ 8న వాయుగుండం, 11 వేకువకు గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. ఆ గాలి మీ ఉద్దానం తోటలను పడగొడితే, ఒడిశా గజపతి జిల్లా కొండల మీద కురిసిన వాన వంశధారలో వరదై దిగింది. తిత్లీ నష్టంలో ఇంత వాటా భూతాపానిదని విడదీసి చెప్పలేం గానీ, అలాంటివి మరిన్ని రావడానికి సముద్రం సిద్ధమవుతోందన్న మీ అబ్బాయి భయం సరైనదే.

మీరు అడక్కపోయినా ఒక మాట. కొబ్బరి ఎదిగేవరకు వరసల మధ్య నేలను ఖాళీగా ఉంచకండి. ఏడాదిలో చేతికొచ్చే పంట ఏదో ఒకటి వేయండి. గట్ల మీద తాటిచెట్లుంటే కొట్టనివ్వకండి. ఇంత గాలికీ నిలబడే చెట్టు మనకు అదే.

*ఓజోన్ పొరకు చిల్లు పడి, అందులోంచి ఎండ ఎక్కువగా దిగడం వల్లే భూమి వేడెక్కుతోందా?*
– ఇంటర్ విద్యార్థిని, విజయనగరం

కాదమ్మా. ఈ రెండింటినీ కలిపేసేవాళ్ళు పెద్దవాళ్ళలోనూ చాలామంది ఉన్నారు కనుక అడిగినందుకు సంతోషం. ఓజోన్ ఆపేది అతినీలలోహిత కిరణాలను. ఆ పొర పలచబడింది ముఖ్యంగా అంటార్కిటికా మీద. 1987 మాంట్రియల్ ఒప్పందంతో, ఆ పొరను తినేసే వాయువులను దేశాలన్నీ మానుకుంటూ వచ్చాయి, పొర నెమ్మదిగా పూడుతోంది. అన్ని దేశాలూ కూడబలుక్కుంటే పని జరుగుతుందనడానికి నేను చెప్పే ఉదాహరణ ఇదే.

వేడి సంగతి వేరు. బొగ్గు, పెట్రోలు, డీజిలు, గ్యాసు కాల్చినప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్ వెలుగును లోపలికి రానిస్తుంది, నేల నుంచి తిరిగి పోయే వేడిని మాత్రం పట్టేసుకుంటుంది. చలికాలం మనం కప్పుకునే బొంత కూడా తాను వేడి పుట్టించదు, ఒంటి వేడిని పోనివ్వదు, అంతే. ఫ్యాక్టరీల యుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్ళకు 280 పాళ్ళుండే ఆ వాయువు ఇప్పుడు 420 దాటింది. బొంత మందమెక్కింది. యూనిస్ ఫుట్ అనే అమెరికన్ మహిళ గాజు గొట్టాల్లో ఈ వాయువు నింపి, ఎండలో పెట్టి, మామూలు గాలి కంటే ఎక్కువ వేడెక్కుతుందని 1856లోనే చూపించింది. మన దగ్గర సిపాయిల తిరుగుబాటుకు ఒక ఏడాది ముందు!

సూర్యుడే మండిపోతున్నాడేమో అని మీ క్లాసులో ఎవరైనా అంటే ఇలా చెప్పు. అదే నిజమైతే వాతావరణం పై పొరలు కూడా వేడెక్కాలి. కానీ కింద వేడెక్కుతూ, పైన స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది.

*టీవీలో రెంటచింతలలో 45 డిగ్రీలు అంటారు. మనకు 37, 38 కూడా దాటవు. అయినా ప్రాణం పోయినట్టు ఉంటుందేం?*
– గృహిణి, శ్రీకాకుళం

నిజమేనమ్మా, మీ ఒళ్ళు చెప్పేదే సరైన లెక్క. మన శరీరం చల్లబడేది చెమట ఆరితేనే. సముద్రపు గాలిలో తేమ నిండి ఉంటే చెమట కారుతుంది గానీ ఆరదు. థర్మామీటరు మొనకు తడిగుడ్డ చుట్టి కొలిచే పద్ధతి ఒకటుంది. ఆ కొలత 35 డిగ్రీలకు చేరితే నీడలో ఖాళీగా కూర్చున్న ఆరోగ్యవంతుడు కూడా కొన్ని గంటలకు మించి తట్టుకోలేడు. పొలంలో వంగి పనిచేసేవాళ్ళకు అంతకు చాలా ముందే ప్రమాదం. భూమి వేడెక్కేకొద్దీ గాలిలో తేమ పెరుగుతుందని పైన రైతుకు చెప్పానే, ఆ తేమే మన ఉక్కపోత. రాత్రిళ్ళు కూడా చల్లబడకపోతే గుండెకు విశ్రాంతి ఉండదు. పగటి అంకె కంటే ఈ రాత్రుల గురించే నాకు ఎక్కువ దిగులు.

ఉపాధి పనికి వెళ్ళేవాళ్ళు తెల్లవారుజామునే మొదలుపెట్టి పది లోపు ముగించాలి. పగలంతా మజ్జిగ, ఉప్పు వేసిన గంజి, అంబలి తాగాలి. డాబాకు తెల్లసున్నం వేస్తే లోపల తేడా తెలుస్తుంది. రేకుల ఇంట్లో మధ్యాహ్నం ముసలివాళ్ళను ఉంచొద్దు, చెట్టు నీడే మేలు. ఎవరైనా పొంతన లేకుండా మాట్లాడుతూ ఒళ్ళు కాలిపోతుంటే నీళ్ళు తాగించే ప్రయత్నంలో ఆలస్యం చేయకండి. ఒంటి మీద నీళ్ళు గుమ్మరించి, విసరండి, 108కి ఫోన్ చేయండి.

*వరి పొలాల నుంచి కూడా భూమిని వేడెక్కించే గ్యాసు వస్తుందట. అన్నం పండించేవాడిదా తప్పు?*
– రైతు, నరసన్నపేట

మీ కోపం అర్థమైంది. గ్యాసు వచ్చే మాట నిజం. నీరు నిలిచిన బురదలో గాలి ఆడక, అక్కడి సూక్ష్మజీవులు మీథేన్‌ను తయారుచేస్తాయి. ఇరవై ఏళ్ళ లెక్కలో చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లు వేడిని పడుతుంది. అయితే పన్నెండేళ్ళలో చాలావరకు విరిగిపోతుంది కనుక, తగ్గిస్తే ఫలితం త్వరగా కనిపిస్తుంది.

తప్పు మాత్రం మీ నెత్తిన పెట్టను. భారతీయుడి తలసరి కార్బన్ డయాక్సైడ్ ఏడాదికి సుమారు 2 టన్నులు, అమెరికావాడిది 14 టన్నుల దాకా. ఇంతవరకు లోకం వదిలిన మొత్తం కార్బన్‌లో నాలుగో వంతు దాకా ఆ ఒక్క దేశానిదే. ఈ లెక్క చెప్పకుండా వరి రైతుకు పాఠం చెప్పేవాళ్ళ మాట నాకు నచ్చదు.

మీకు లాభముంది కనుకే ఈ పద్ధతి చెబుతున్నాను. చిల్లులు పెట్టిన గొట్టం ఒకటి మడిలో పాతండి. అందులో నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే మళ్ళీ నీరు పెట్టండి. పూత దశలో మాత్రం ఎండనివ్వద్దు. మీథేన్ సగం దాకా తగ్గుతుంది, నీరూ మోటారు కరెంటూ మిగులుతాయి. ఖరీఫ్‌లో ఒక మడి నుంచి ఇంకో మడికి నీరు పారే కాలువ కింద ఇది కుదరదని నాకు తెలుసు. బోరు కింద, దాళ్వాలో చేసి చూడండి. ముంపు పొలాలకైతే రెండు వారాల దాకా నీట మునిగినా తేరుకునే స్వర్ణ సబ్-1 రకం ఉంది.

*సముద్రం ఒడ్డున తాబేళ్ళు గుడ్లు పెడతాయి కదా, ఎండ ఎక్కువైతే వాటికేం అవుతుంది?*
– ఏడో తరగతి, కళింగపట్నం

చాలా మంచి ప్రశ్న బాబూ. ఆలివ్ రిడ్లీ గుడ్డులోంచి ఆడపిల్ల వస్తుందా మగపిల్ల వస్తుందా అన్నది ఇసుక వేడి తేలుస్తుంది. ఇసుక వేడిగా ఉంటే ఆడవే ఎక్కువ. మరీ వేడైతే గుడ్లే పాడవుతాయి. గుడ్లు పెట్టిన చోట నడవకండి, లైట్లు వేయకండి.

*బడిలో ఏటా మొక్కలు నాటిస్తున్నాం. దీనితో భూతాపం ఆగుతుందా?*
– ఉపాధ్యాయుడు, బొబ్బిలి

నాటించండి మాస్టారూ, కానీ పిల్లలకు లెక్క కూడా చెప్పండి. మన దేశంలో ఒక యూనిట్ కరెంటుకు సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. నెలకు 200 యూనిట్లు కాల్చే ఇంటికి ఏడాదికి దాదాపు 1,700 కిలోలు. బాగా ఎదిగిన చెట్టు ఏడాదికి పీల్చేది సుమారు 20 కిలోలు. అంటే ఆ ఒక్క ఇంటికే 80కి పైగా చెట్లు కావాలి. నాలుగైదేళ్ళకు కొట్టి అమ్మే సరుగుడు తోట పీల్చుకున్న కార్బన్ చాలావరకు గాలిలోకే తిరిగి పోతుంది. నీడకు, గాలి అడ్డుకు, వానకు చెట్టు కావాలి. బొగ్గు చేసే నష్టాన్ని అది మాఫీ చేయదు.

*మా నాన్నగారు థర్మల్ కేంద్రం వద్దని పోరాడినవారిలో ఒకరు. ఇప్పుడు మా ఇంట్లో ఏసీ ఉంది. కరెంటు కావాలి, బొగ్గు వద్దు అంటే ఎలా అని స్నేహితులు నిలదీస్తున్నారు.*
– సోంపేట యువకుడు

2010 జూలై 14న సోంపేటలో జరిగిన కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ రైతులు, మత్స్యకారులు నిలబడింది బీల అనే చిత్తడి నేల కోసం, అందులోని నీటి కోసం, చేపల కోసం. భూతాపం పేరు అప్పుడు ఎవరి నోటా ఎక్కువగా లేదు. కానీ బీల వంటి చిత్తడి నేల తన బురదలో కార్బన్‌ను దాచుకుంటుంది, వరద నీటిని పట్టి ఉంచుతుంది. మీ నాన్నగారు కాపాడిన వాటిలో అదీ ఉంది. గర్వంగా చెప్పుకోండి.

ఏసీ పెట్టుకోవడం నేరం కాదు. 24 లేదా 26 మీద పెట్టి, ఫ్యాను వేయండి. అందులోని గ్యాసు కారనివ్వకండి. ఏసీల్లో వాడే ఆర్-410ఏ ఒక కిలో, రెండు వేల కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. సర్వీసు చేసేవాళ్ళు పాత గ్యాసును గాలిలోకి వదిలేయబోతే ఆపండి.

ఇక కరెంటు. దేశంలో ఇప్పటికీ నూటికి 70 యూనిట్ల దాకా బొగ్గు నుంచే వస్తోంది కనుక, అసలు మార్పు జరగాల్సింది అక్కడ. మీ చేతిలో ఉన్నది డాబా. ఒక కిలోవాట్ సోలార్ పలకలకు సుమారు వంద చదరపు అడుగులు చాలు, రోజుకు నాలుగు యూనిట్ల దాకా ఇస్తాయి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఉంది. రాత్రి మళ్ళీ లైను కరెంటే వాడతారు, ఆ మాట దాచను. బ్యాటరీలు, నీటిని పైకి తోడి నిల్వచేసే ప్రాజెక్టులు పెరిగేకొద్దీ ఆ లోటు తగ్గుతుంది. మన తీరంలో గాలి గట్టిది కాబట్టి పలకల ఫ్రేములను స్లాబులోకి బోల్టులతో బిగించమని పట్టుబట్టండి. సిమెంటు దిమ్మల మీద ఊరికే నిలబెడతామంటే ఒప్పుకోకండి.