పెళ్లై వచ్చినప్పటి నుంచి మాట తగ్గిపోయింది.. ఏం చేయాలి?

ప్రశ్న: మాది గుంతకల్లు దగ్గర పల్లె. నా భార్యది శ్రీకాకుళం జిల్లా. పెళ్లై ఏడు నెలలైంది. రెండు నెలలుగా సరిగా తినడం లేదు. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటోంది. ఒళ్లునొప్పులంటోంది. వాళ్లమ్మ ఫోన్ చేస్తే మాత్రం ‘బాగున్నా’ అంటుంది. ‘కొత్త కదా, సర్దుకుంటుందిలే’ అంటోంది మా అమ్మ. ఆగి చూడొచ్చా?

జవాబు: ఆగొద్దు. కొత్తచోట మొదట్లో బెంగ పెట్టుకోవడం మామూలే. కానీ రెండు వారాలకు మించి దాదాపు రోజూ దిగులుగా ఉండి, తిండీ నిద్రా చెడితే డిప్రెషన్‌ను అనుమానించాలి. ఆ తెల్లవారుజాము మెలకువ అందులో తరచూ కనిపించే లక్షణమే.

సీమలో చాలా సంబంధాలు మేనరికాలో, పక్కూరివో. మనసు బాగోలేకపోతే కోడలు బస్సెక్కి పుట్టింటికి పోతుంది. మీ ఆవిడకు దాదాపు ఒక రోజు రైలు ప్రయాణం. అన్నం తిని పెరిగిన మనిషి జొన్నరొట్టె తట్టాలి, అది చిరిగితే మాట పడాలి. ఆమె యాసకు ఇంట్లోవాళ్లు సరదాగా నవ్వినా, ఆ నవ్వుకే నోరు మూతపడుతుంది.

ఆమె ఫోన్ ఎక్కడ మాట్లాడుతోందో గమనించారా? నట్టింట్లో, స్పీకర్ పెట్టి, అత్తగారి పక్కన కూర్చుని అయితే ‘బాగున్నా’ తప్ప ఏం చెబుతుంది? రోజూ అరగంట మిద్దెమీద ఒంటరిగా మాట్లాడుకోనివ్వండి. ఏం మాట్లాడావని తర్వాత ఆరా తీయొద్దు. పుట్టింటికి టికెట్ ఇప్పుడే తీయండి, రిజర్వేషన్ 60 రోజుల ముందే మొదలవుతుంది. వెళ్లే తేదీ తెలిస్తేనే సగం ఊరట. వారంలో కొన్ని పూటలు ఆమె చేతి వంట, ఆమె పద్ధతిలోనే తినండి.

ఇవన్నీ చేస్తూనే ఈ వారమే అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12 పరీక్షలు చేయించమని అడగండి. హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తక్కువైనా, థైరాయిడ్ మందగించినా ఇలాంటి నీరసమే ఉంటుంది. గర్భం అనుమానముంటే ముందే చెప్పాలి, మందు ఎంపిక దాన్నిబట్టి ఉంటుంది. డాక్టర్‌తో ఆమెను ఒంటరిగా మాట్లాడనివ్వండి, మీరు బయట కూర్చోండి.

డిప్రెషన్‌కు మందులిస్తే గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో వికారం, తలనొప్పి రావచ్చు. చాలామంది అక్కడే మానేస్తారు, జబ్బు ముదిరేది అందుకే. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. సొంతంగా ఆపొద్దు. ఈ మందులు అలవాటు పడిపోయే రకం కావు.

‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని నేరుగా అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ. కొట్టంలోని పురుగుమందు డబ్బాలు ఈ రోజే తాళం వేసి పెట్టండి. ఆ ప్రశ్నకు ఆమె అవునంటే ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇంట్లో కొట్టడం, కట్నం వేధింపులు ఉంటే ఆమెకు మహిళా హెల్ప్‌లైన్ 181 నంబర్ తెలియాలి. రెండు నంబర్లూ ఆమె ఫోన్‌లోనే ఉండాలి.