పాత పాటల గొంతు నిండుగా వినిపించాలంటే ఎలాంటి ట్యూబ్ ప్రీయాంప్ తీసుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: డాక్ (డిజిటల్ పాటను మామూలు ఆడియో సిగ్నల్‌గా మార్చే పెట్టె) ఉంది, ట్రాన్సిస్టర్ పవర్ యాంప్ (స్పీకర్లను నడిపేది) ఉంది, టవర్ స్పీకర్లు ఉన్నాయి. ఘంటసాల, లీల పాటలు, కర్ణాటక కచేరీలు పెడితే గొంతు పల్చగా, గరుగ్గా వస్తోంది. మధ్యలో ట్యూబ్ ప్రీయాంప్ (పవర్ యాంప్‌కి ముందు సిగ్నల్‌ను, వాల్యూంను చూసుకునే, గాజు వాల్వులతో నడిచే పెట్టె) పెడితే ఆ వార్మ్, అంటే వెచ్చని, నిండైన సౌండ్ వస్తుందా, వస్తే ఏ ట్యూబు మంచిది?

వస్తుంది. కానీ ట్యూబు పేరు చూసి కొనకండి, మీ పవర్ యాంప్‌కి ఏది జత కుదురుతుందో చూసి కొనండి. ఆరేళ్లలో మూడు ప్రీయాంపులు మార్చాక నాకు తెలిసింది ఇది.

అంతకంటే ముందు చేయాల్సింది ఒకటుంది. స్పీకర్ల మధ్య నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టండి. టంగుమని మోగిందంటే గరుకులో సగం మీ గదిదే. మా హాల్లో గ్రానైట్ నేల, ఖాళీ గోడలు. స్పీకర్ల ముందు మందపాటి జంపఖానా పరిచి, కిటికీకి బరువైన కర్టెన్ వేస్తే సుశీల గారి పై స్థాయి చెవిలో గుచ్చుకోవడం చాలావరకు తగ్గింది. ఆ తర్వాతే ప్రీయాంప్ గురించి ఆలోచించండి.

నేను మొదట కొన్నది 12 వోల్టుల అడాప్టర్‌తో నడిచే చిన్న పెట్టె. రెండు బుల్లి ట్యూబులు నారింజ రంగులో వెలిగేవి. మూత తీసి చూస్తే ఆ వెలుగు చాలావరకు ట్యూబు కింద పెట్టిన ఎల్ఈడీది. యానోడ్ (ట్యూబులో ఎక్కువ వోల్టేజి అందాల్సిన ప్లేటు) దగ్గర మీటర్ పెడితే 30 వోల్టులు కూడా లేవు. ట్యూబు తన పద్ధతిలో పనిచేయాలంటే అది చాలదు. 6ఎస్ఎన్7 అనే ట్యూబు డేటాషీట్ చూడండి, 250 వోల్టుల దగ్గర 9 మిల్లీయాంపులు అని ఉంటుంది. అలాంటి పెట్టె మీద డబ్బు పెట్టకండి.

అసలు ఈ వార్మ్ అనేది ఏమిటో మన సంగీతం భాషలో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. ఏ యాంపైనా స్వరానికి తన వంతు కొన్ని హార్మోనిక్స్ (అసలు స్వరం కంపనానికి రెండు, మూడు రెట్లుగా పైన మోగే స్వరాలు) కలుపుతుంది. షడ్జం పాడితే రెండో హార్మోనిక్ పై షడ్జం. మూడోది ఆ పైన పంచమం. ఐదోది ఇంకా పైన అంతర గాంధారం. ఏడోది ఏ స్వరస్థానంలోనూ సరిగ్గా కూర్చోదు. ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి ఇచ్చి తప్పు దిద్దే పద్ధతి) లేని మంచి ట్రయోడ్ (మూడు ఎలక్ట్రోడ్ల ట్యూబు) స్టేజి కలిపేది ఎక్కువగా ఆ రెండోదే. తంబురా శ్రుతి గాయకుడి వెనక నిలబడ్డట్టు అది గొంతును ఒరుసుకుని ఉంటుంది. మనకు నిండుగా అనిపించేది అదే. బాస్ ఉబ్బిపోయి మాట ముద్దగా వినిపిస్తే దాన్ని వార్మ్ అనుకోకండి, అది లోపం.

రెండోసారి పేరు చూసి కొన్నాను. 12ఏఎక్స్7 ట్యూబులు, మంచి డబ్బా, 20 డెసిబెల్ గెయిన్, అంటే సిగ్నల్‌ను పది రెట్లు పెంచుతుంది. ఇప్పటి డాక్ ఇచ్చేదే 2 వోల్టులు. నా పవర్ యాంప్‌కి పూర్తి శక్తికి 1.4 వోల్టులు చాలు. ఇక పది రెట్లు ఎందుకు? నాబ్ బియ్యపు గింజంత కదిపితే ఇల్లు అదిరేది. అంత కింది చివర రెండు చానెళ్లూ సమంగా నడవక పాట ఎడమ పక్కకు ఒరిగేది. నిశ్శబ్దంలో సన్నటి బుస ఒకటి. తప్పు ట్యూబుది కాదు. 1958లో వచ్చిన మరాంట్జ్ 7లో ఆరు 12ఏఎక్స్7లే ఉన్నాయి, దాన్ని ఇప్పటికీ తలుచుకుంటారు. కానీ అది గ్రామఫోన్ రికార్డుల కాలానికి కట్టినది, రికార్డు మీది సూదిని పట్టుకునే క్యార్ట్రిడ్జి నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులే.

దానితోనే ఇంకో బాధ. మృదంగం తొప్పి (ఎడమ వైపు) మోత సన్నబడింది. కారణం వెతికితే ప్రీయాంప్ చివర 0.22 మైక్రోఫారడ్ కెపాసిటర్ (డీసీని ఆపి పాటను మాత్రం పంపే భాగం), నా పవర్ యాంప్ ఇన్‌పుట్ ఇంపిడెన్స్ (సిగ్నల్‌కి అది చూపే అడ్డు) 10 కిలోఓంలు. ఈ రెండూ కలిస్తే సుమారు 70 హెర్ట్జ్ దగ్గర నుంచే కిందిదంతా జారిపోతుంది. అదే కెపాసిటర్ 100 కిలోఓంల యాంప్‌తో అయితే 7 హెర్ట్జ్ దాకా ఇబ్బంది లేదు. 2.2 మైక్రోఫారడ్‌ది వేయించాక తొప్పి తిరిగి వచ్చింది. కాబట్టి మీ పవర్ యాంప్ ఇన్‌పుట్ ఇంపిడెన్స్ ఎంతో ముందు కనుక్కోండి. ప్రీయాంప్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ అందులో పదోవంతుకు మించకూడదు.

ఇప్పుడు వింటున్నది 6ఎస్ఎన్7ది. పాత రేడియోలు బాగుచేసే ఒక పెద్దాయన కట్టిచ్చారు. చానెల్‌కి ఒక ట్రయోడ్, చివర 4:1 లైన్ ట్రాన్స్‌ఫార్మర్. ట్రాన్స్‌ఫార్మర్ గెయిన్‌ను నాలుగు రెట్ల చిల్లరకు దించుతుంది, అవుట్‌పుట్ ఇంపిడెన్స్‌ను 500 ఓంల దగ్గరకు తెస్తుంది. నాకు రెండు చిక్కులూ దానితోనే విడిపోయాయి. మొదటి సాయంత్రం బాలమురళి గారి ఆలాపన పెట్టాను. గమకం దిగి వచ్చేటప్పుడు ఛాతీలోంచి వచ్చే ఆ గాలి వినిపించింది. అన్నం చల్లారిపోతోందని ఇంట్లో పిలుస్తున్నా లేవలేకపోయాను.

కట్టించుకునే వీలు లేకపోతే 12ఏయూ7 లేదా 6ఎస్ఎన్7 వాడిన, 6 నుంచి 13 డెసిబెల్ గెయిన్ ఉన్న లైన్ ప్రీయాంప్ చూడండి. గెయిన్ లేని క్యాథోడ్ ఫాలోయర్ బఫర్లు శుభ్రంగా ఉంటాయి గానీ మీరు కోరే నిండుతనం వాటిలో తక్కువ. 12ఏఎక్స్7 తీసి 12ఏయూ7 గుచ్చితే సరిపోతుందని కొందరు చెబుతారు. పిన్నులు ఒకటే, గెయిన్ తగ్గుతుంది నిజమే, కానీ ఆ సర్క్యూట్ బయాస్ (ట్యూబుకు పెట్టిన వోల్టు, కరెంటు అమరిక) దీనికోసం లెక్కవేసింది కాదు.

కొనేముందు మీ డాక్, మీ పాటలు పట్టుకెళ్లి వినండి. వాల్యూం కొంచెం పెంచి, పెన్సిల్ రబ్బరు చివరతో ట్యూబును మెల్లగా తట్టండి. స్పీకర్లో గంటలా మోగితే ఆ ట్యూబు మార్చమనండి. విదేశం నుంచి తెప్పిస్తే ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టులదేనా అని రాతపూర్వకంగా అడగండి. ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గా లేకపోయినా, సెట్‌టాప్ బాక్సు కేబుల్ అదే సిస్టమ్‌కి కలిసి ఉన్నా హమ్ (గుయ్యిమనే మోత) వస్తుంది. మాకు ఆ కేబుల్ పీకగానే పోయింది. స్విచ్ ఆపినా లోపల కెపాసిటర్లలో 300 వోల్టులు నిలిచి ఉండొచ్చు, మూత తీసి చేయి పెట్టొద్దు.

కొత్త ట్యూబులకు కొరత లేదు, స్లొవాకియా జేజే, రష్యాలో తయారయ్యే ఎలక్ట్రో హార్మోనిక్స్ దొరుకుతాయి. ఒకప్పుడు బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా వాల్వులు చేసేది. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ వైపు వెళ్తే పాత రేడియో సామాను ఉన్నవాళ్లను ఒక మాట అడగండి.

మీ పవర్ యాంప్ మోడల్, దాని ఇన్‌పుట్ ఇంపిడెన్స్, సెన్సిటివిటీ (పూర్తి శక్తికి కావాల్సిన వోల్టులు) కింద రాయండి. గెయిన్ ఎంత కావాలో, ఏ కెపాసిటర్ సరిపోతుందో లెక్క చేసి చెబుతాను.