గుడ్డలో ఇసుక లేకుండా కారు కడగడం

చి. శ్రావణికి, మావయ్య ఆశీస్సులు.

నువ్వు కొన్నది నల్ల కారు. ఎంత సన్నటి గీత పడినా ముందు కనబడేది ఆ రంగు మీదే. అందుకని మీ అపార్ట్‌మెంటులో నెలజీతానికి కార్లు తుడిచే అబ్బాయికి పెయింట్ జోలికి వెళ్లొద్దని ఇప్పుడే చెప్పెయ్యి. తప్పు అతనిది కాదు. ఒకే బకెట్, ఒకే గుడ్డతో పదిహేను కార్లు తుడవాల్సొస్తే, పదో కారుకి ఆ గుడ్డ గరుకు కాగితం అయిపోతుంది. మ్యాట్లు, లోపలి భాగం అతనికే వదిలెయ్యి.

గీతలు పడేది నీళ్లవల్లా కాదు, షాంపూవల్లా కాదు. మీ బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీద లేచే దుమ్ములో ఇసుక ఉంటుంది. రంగు మీదుండే పారదర్శకమైన పూత (క్లియర్ కోట్) మందం సుమారు 40-50 మైక్రాన్లు, అంటే మామూలుగా తలవెంట్రుకంత కూడా కాదు. దానికీ గుడ్డకీ మధ్య ఇసుకరేణువు ఇరుక్కుంటే గీతే. రాత్రి సెల్లార్‌లో బానెట్ మీద టార్చి వేసి చూస్తే సాలెగూడులా కనబడేవి అవే. పొడి డస్టర్‌తో దులపడం అన్నిటికన్నా చేటు. దుమ్ము పట్టిన కారుకి కవర్ కప్పినా అంతే, గాలికి అదే రుద్దుతుంది.

నీళ్ల సంగతి. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటితో కార్లు కడగొద్దని ఆదేశించి, 5 వేల రూపాయల జరిమానా పెట్టింది. కాబట్టి పైపు మాట మరిచిపో. మొక్కలకి కొట్టే 5 లీటర్ల స్ప్రేయర్ ఒకటి, 12 లీటర్ల బకెట్లు రెండు, కార్ షాంపూ, మైక్రోఫైబర్ గ్లవ్ చాలు. మొత్తం 40 లీటర్లలో అయిపోతుంది. గిన్నెలు తోమే లిక్విడ్ వద్దు, పెయింట్ మీది వ్యాక్స్ పూతని ఊడగొడుతుంది.

పొద్దున్నే, నీడలో, బానెట్ చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టు. చక్రాలు ముందు, వాటి బ్రష్, గుడ్డ వేరే. బ్రేకుల నుంచి రాలే ఇనప పొడి వాటిలో ఉంటుంది, ఆ గుడ్డ పెయింట్‌కి తగలకూడదు. తర్వాత స్ప్రేయర్‌తో పైనుంచి కిందకి తడిపి, రెండు మూడు నిమిషాలు నాననిచ్చి, మళ్లీ కొట్టు. ఇక్కడ తొందరపడకు, సగం ఇసుక చెయ్యి తగలకుండానే జారిపోయేది ఇప్పుడే.

ఒక బకెట్‌లో షాంపూ (ఎంతన్నది సీసా మీద ఉన్నట్టే), రెండోదాంట్లో ఉత్త నీళ్లు. గ్లవ్ షాంపూలో ముంచి, టాప్, అద్దాలు, బానెట్, డోర్ల పైసగం, చివర్లో బంపర్లు, డోర్ల కింది భాగం. బరువు వెయ్యకు, గుండ్రంగా తిప్పకు, నిలువుగా ఒకే వైపు లాగు. ఒక్కో భాగం కాగానే గ్లవ్‌ని ఉత్త నీళ్లలో బాగా పిండి, ఆ తర్వాతే షాంపూలో ముంచాలి. ఈ ఒక్క అలవాటు తప్పితే రెండు బకెట్లు పెట్టి లాభం లేదు. సబ్బు ఎండేలోపే కడిగెయ్యి.

బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. గాలికి ఆరనిస్తే తెల్లటి మచ్చలు దిగిపోతాయి. ఆర్వో మిషన్ వదిలేసే నీళ్లు కారుకి పనికొస్తాయంటారు గానీ, వాటిలో లవణాలు ఇంకా ఎక్కువ. టైర్లకి సరే, ఆఖరి కడుగుకి వద్దు. వానాకాలంలో టెర్రస్ మీద పట్టిన వాన నీళ్లు దానికి దివ్యంగా ఉంటాయి. తుడిచేటప్పుడు మందపాటి మైక్రోఫైబర్ టవల్ పరిచి అద్దు, రుద్దకు.

పిట్ట రెట్ట కనబడితే గోకొద్దు. తడిగుడ్డ దాని మీద అయిదు నిమిషాలు ఉంచి ఎత్తెయ్యి. వారం ఎండితే మచ్చ మిగిలిపోతుంది.

గుడ్డ కింద పడిందా, అది ఇక చక్రాలకే. మిగతావి బట్టలతో కలపకుండా విడిగా ఉతుకు, బట్టలు మెత్తబరిచే కండిషనర్ వెయ్యకు, నీళ్లు పీల్చడం మానేస్తాయి.

ఇప్పటికే గీతలుంటే గోరు అడ్డంగా లాగి చూడు. తట్టకపోతే పాలిష్‌తో పోయే అవకాశం ఉంది. తట్టితే పాలిష్ పెట్టి రుద్దించకు, ముందు పెయింటర్‌కి చూపించు.

మీ
మావయ్య